పొద్దున్నే బిగుసుకుపోయే కుట్టు మిషను, అడుగున దారం ఉండలు

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1984లో మా అత్తగారు కొన్న నల్లటి కాలు మిషను ఉంది. సంక్రాంతికి పిల్లలకు లంగాలు కుడదామని చాలాకాలం తరువాత దుమ్ము దులిపి తీస్తే రెండు చిక్కులు ఎదురయ్యాయి. పొద్దున ఆరు గంటలకు చక్రాన్ని చేత్తో తిప్పినా కదలనంత బరువుగా ఉంటుంది, ఎండ ఎక్కాక మాత్రం కొంత తేలికపడుతుంది. ఇక కుట్టు పైన చూడడానికి బాగానే ఉన్నా, గుడ్డ తిరగేస్తే అడుగున దారం ఉండలు కట్టి ఉంటోంది. అడుగున కనబడుతోంది కనుక తప్పు కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దేనని బాబిన్ కేసు మరను రెండుసార్లు బిగించాను. ఇప్పుడు ఆ దారం లాగినా రావడం లేదు. బాగుచేసే ఆయన మిషను తల (బల్ల మీది భాగం) మొత్తం మార్చమంటున్నారు. మార్చక తప్పదా?

మొదటి సమాధానం

మార్చనక్కరలేదమ్మా. ఈ మిషనుకు ఎవరైనా కొబ్బరి నూనె వేశారేమో కనుక్కోండి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కనుక మీ ఊరి చలికి పొద్దున బిగిసి, ఎండకు వదులుతుంది. పైగా ఏళ్ళ తరబడి దుమ్ముతో కలిసి ఇరుసుల్లో బంకలా పట్టుకుంటుంది. సూది తీసేసి, ఎడమవైపు రేకు విప్పి, తలను వెనక్కి వాల్చి, నూనె రంధ్రాలన్నిటిలో నాలుగేసి చుక్కల కిరోసిన్ వేసి చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించండి. మొదట గోధుమరంగు జిగురు బయటికి వస్తుంది, దాన్ని పాత నూలుగుడ్డతో తుడుస్తూ ఉండండి. చక్రం తేలికయ్యాక మిషను నూనె ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు తప్పక వేయాలి, ఎందుకంటే కిరోసిన్ ఆరిపోతే ఇనుము మీద ఇనుము రాసుకుని అరిగిపోతుంది.

రెండవ సమాధానం

నూనె సంగతి పై వారు సరిగ్గానే చెప్పారు. ఒక్క మాట మాత్రం కలుపుతాను: కిరోసిన్ తల మీది బంగారు రంగు పూలకు తగలనివ్వకండి, చెరిగిపోతాయి.

దారం ఉండల విషయంలో మాత్రం మీరు తప్పు దొంగను పట్టుకున్నారు. పై దారం, కింది దారం గుడ్డ మందంలో మధ్యన ముడిపడితేనే కుట్టు సమంగా వస్తుంది. పై దారం వదులైతే కింది దారం దాన్ని తన వైపు లాగేసుకుంటుంది, అందువల్ల పైన జరిగిన తప్పు అడుగున కనబడుతుంది. గుడ్డను నొక్కిపట్టే పాదం పైకెత్తి ఉన్నప్పుడే, పై దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు విచ్చుకుంటాయి కనుక దారాన్ని అప్పుడే వాటి మధ్యకు ఎక్కించాలి. తరువాత పాదం దించి సూది దగ్గర దారం లాగి చూడండి. ఏ పట్టూ లేకుండా జారిందంటే బిళ్ళల మధ్య పాత దారపు ముక్కో పీచో ఇరుక్కుని ఉంటుంది. పైకీ కిందికీ ఆడే మీట కంటిలోంచి దారం పోయిందో లేదో కూడా చూసుకోండి, అది తప్పితే రెండు కుట్లకే ఉండ కడుతుంది. బాబిన్ కేసు మరను వెనక్కి వదిలి, కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదపండి. జానెడు లోపు జారి ఆగితే అది సరైన బిగువు.

మూడవ సమాధానం

పనిలో పనిగా సూదిని కూడా మార్చండి. నూలు లంగాకు 14 నంబరు, పట్టుకు 11 సరిపోతాయి. పొడవు గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలి, వెనకనుంచి ఎక్కిస్తే కుట్లు తప్పుతాయి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ధన్యవాదాలు. మా అత్తగారిని అడిగితే, మిషను నూనె అయిపోయినప్పుడల్లా తలకు రాసుకునే సీసాలోంచే నాలుగు చుక్కలు వేసేవారట. రెండు రోజులు తుడిచాక ఈ రోజు పొద్దున చక్రం ఒక్క వేలితో తిరిగింది. బిళ్ళల మధ్య ఎప్పటిదో ఆకుపచ్చ పట్టు దారపు పోగు దొరికింది, అది తీయగానే ఉండలు పోయాయి. ఇప్పుడు తోలు బెల్టు కొద్దిగా జారుతోంది. అర అంగుళం కత్తిరించి కొక్కెం మళ్ళీ తగిలిస్తే సరిపోతుందనుకుంటున్నాను.