అప్‌డేట్: మండీ ధరల ఏపీఐ మీద ఎస్‌క్యూఎల్ నడిచింది

దారి చూపిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్. నేనడిగింది ఇదీ: ప్రభుత్వ డేటా సైట్ డేటా.గవ్.ఇన్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు డేటా అడిగి తెచ్చుకునే దారి) నుంచి రోజువారీ మండీ ధరలు జేసన్‌గా (పేరు-విలువ జతల టెక్స్ట్‌గా) వస్తాయి కదా, అందులో మిర్యాలగూడ, నల్లగొండ వైపు వడ్ల ధరలు చూడడానికి ప్రతిసారీ ఫిల్టర్, రెడ్యూస్ (జాబితాని వడకట్టే, కలిపే ఫంక్షన్లు) రాయకుండా జావాస్క్రిప్ట్‌లోనే ఎస్‌క్యూఎల్ (టేబుళ్లలోని డేటాని ప్రశ్నలడిగే భాష) వాడొచ్చా అని.

వాడొచ్చు. అలాఎస్‌క్యూఎల్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో పని అయిపోయింది. క్వెరీలో (ఎస్‌క్యూఎల్‌లో రాసే ప్రశ్నలో) ఫ్రమ్ తర్వాత టేబుల్ పేరు బదులు ప్రశ్నార్థకం పెట్టి, ఫెచ్‌లో (ఏపీఐని అడిగినప్పుడు) వచ్చిన అర్రేని (జాబితాని) పక్కన ఇస్తే చాలు. మా చిన్నాయన వడ్లు అమ్మేముందు అడిగే మోడల్ ధర, అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర, మార్కెట్‌వారీగా ఒక్క లైన్‌లో వచ్చేస్తోంది.

టెన్షన్ అంతా డేటా రకాల దగ్గరే. ధర స్ట్రింగ్‌గా (నంబర్‌గా కాక అక్షరాలుగా) ఉంటే 2300 కంటే 950 పెద్దదైపోతుంది, ఎందుకంటే 9కీ 2కీ మధ్యే పోలిక తేలిపోతుంది. తేదీలో రోజు ముందుంటే వరుస కూడా అలాగే చెడుతుంది. అందుకే క్వెరీకి ఇచ్చేముందే ధరని నంబర్‌గా, తేదీని సంవత్సరం ముందుండేలా మార్చేస్తున్నాను.

ఎస్‌క్యూఎల్.జేఎస్ కూడా మంచిదే, అది బ్రౌజర్‌లో నడిచే అసలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్. కానీ ముందు టేబుల్ కట్టి, వరుసలు ఎక్కించాలి. నా కొద్దిపాటి డేటాకు అంత అవసరం లేదు.

ఇదే పని చేయబోయేవాళ్లు లిమిట్ (ఒకసారికి ఎన్ని వరుసలు), ఆఫ్‌సెట్ (ఎన్ని వదిలేసి మొదలెట్టాలి) ఇచ్చి అన్ని పేజీలూ తెచ్చుకున్నాకే సగటు తీయండి. ఏపీఐ కీని (ఏపీఐ వాడడానికి మనకిచ్చే రహస్య కోడ్‌ని) బ్రౌజర్ కోడ్‌లో పెట్టకండి, నోడ్ సర్వర్‌లో ఉంచండి.