కోపాన్ని చెప్పే ఇంగ్లీషు నుడికారాలన్నింటికీ ఒకటే అర్థమా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట): నేను ఇంటర్ విద్యార్థులకు ఇంగ్లీషు చెబుతున్నాను. ‘సీ రెడ్’, ‘హిట్ ద రూఫ్’, ‘హాట్ అండర్ ద కాలర్’ అనే మూడింటికీ వారి గైడులో ‘మిక్కిలి కోపగించుకొను’ అనే అర్థమే ఉంది. పిల్లలు దాన్ని తడుముకోకుండా అప్పజెబుతున్నారు కానీ సొంత వాక్యంలో ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోలేకపోతున్నారు. పెద్దలు దారి చూపగలరు.

సమాధానం (విజయవాడ): ఆ గైడు చేసిన పనినే మన తెలుగు మీద చేసి చూడండి, లోపం వెంటనే తెలుస్తుంది. పళ్ళు నూరేవాడు కోపాన్ని లోపలే బిగబట్టుకున్నవాడు. అగ్గిమీద గుగ్గిలమైనవాడు ఎదుటివారిపై భగ్గుమన్నవాడు. కారాలు మిరియాలు నూరేవాడు ఆ కోపాన్ని చల్లారనివ్వకుండా అదను కోసం కాచుకున్నవాడు. (మిర్చియార్డు ఉన్న ఊరివారికి ఈ మూడోదాన్ని నేను విప్పి చెప్పనక్కరలేదు.)

ఇంగ్లీషులోనూ ఇంతే. ‘హాట్ అండర్ ద కాలర్’లో కోపంతో పాటు కొంత ఇబ్బంది, ఉక్రోషం కలిసి ఉండవచ్చు, మనిషి ఇంకా పూర్తిగా అదుపు తప్పడు. ‘సీ రెడ్’ అన్నప్పుడు ఆ క్షణాన విచక్షణ పోయిందని తెలుస్తుంది కానీ, అతడు కేకలు వేశాడో లేదో ఆ మాట చెప్పదు. ‘హిట్ ద రూఫ్’కు మాత్రం నలుగురికీ కనబడే ఆగ్రహం కావాలి. కనుక మార్కులు చూసి ఇల్లదిరేలా అరిచిన తండ్రికి అది సరిపోతుంది, ముఖం ముడుచుకుని మౌనంగా బయటికి వెళ్ళిపోయిన తండ్రికి సరిపోదు.

కోపాన్ని మూసిన పాత్రలో కాగుతున్న ద్రవంగా ఊహించడం ఇంగ్లీషులో బలంగా ఉన్నదని జార్జ్ లేకాఫ్, జోల్తాన్ కోవెచెష్ అనే భాషావేత్తలు చూపించారు. తరగతిలో ఇది చాలా పనికివస్తుంది. బోర్డు మీద మూతపెట్టిన గిన్నె గీసి, సన్నని సెగ దగ్గర ‘సిమర్’, మరుగు దగ్గర ‘బాయిల్ విత్ రేజ్’, ఎగిరిన మూత దగ్గర ‘ఫ్లిప్ వన్స్ లిడ్’ రాస్తే తీవ్రత దానంతటదే తెలుస్తుంది. ‘లెట్ ఆఫ్ స్టీమ్’ను మాత్రం ఆ మూత పక్కన రాయకండి. ఆవిరి యంత్రం పీడనం పెరగకుండా ఆవిరిని వదిలినట్టు, లోపల పేరుకున్నదాన్ని ఎవరికీ హాని లేకుండా వదిలించుకోవడం దాని అర్థం. అందుకు పరుగెత్తినా చాలు, స్నేహితురాలి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నా చాలు.

దుఃఖం, సంతోషం విషయంలో సందర్భాన్ని చూడాలి. ‘డౌన్ ఇన్ ద డంప్స్’ దిగులుకు సరే కానీ, చావు జరిగిన ఇంట్లో అంటే ఆ దుఃఖాన్ని చులకన చేసినట్టవుతుంది. పట్టరాని సంతోషాన్ని చెప్పే ‘ఓవర్ ద మూన్’ చనువున్నచోట చెల్లుతుంది, ఉద్యోగపు దరఖాస్తులో చెల్లదు. ఒళ్ళు తెలియని స్థితిని చెప్పే ‘బిసైడ్ వన్‌సెల్ఫ్’ కోపానికీ, దుఃఖానికీ, సంతోషానికీ కూడా వస్తుంది కాబట్టి, సందర్భం చాలనప్పుడు ‘విత్’ చేర్చి ఆ భావం పేరు చెప్పాలి.

ప్రశ్న (గుంటూరు): ప్రతిదాని పక్కన మన నుడికారాన్ని రాయిస్తే సరిపోతుందా? ఉదాహరణకు ‘గ్రీన్ విత్ ఎన్వీ’కి ‘కళ్ళు కుట్టడం’ రాయించవచ్చా?

సమాధానం (విజయవాడ): రాయించండి, కానీ ఎవరు ఎవరిని గురించి అంటున్నారో కూడా రాయించండి. కళ్ళు కుట్టాయని మనం సాధారణంగా ఇతరులను నిందిస్తూ అంటాం. ఇంగ్లీషువారు స్నేహితురాలి విహారయాత్ర ఫోటోలు చూసి, తమ గురించి తామే ‘గ్రీన్ విత్ ఎన్వీ’ అని సరదాగా చెప్పుకోగలరు. అక్కడ మన పిల్లలు అనే ‘నాకు కుళ్ళొచ్చేస్తోందే’ అన్న మాటే దగ్గరగా ఉంటుంది, అది ఏ గైడులోనూ ఉండకపోయినా సరే.