బర్నర్‌ను ఆపరేటర్ విప్పొచ్చా, సర్వీసు వాళ్లు వచ్చేదాకా ఆగాలా?

హన్మకొండ ఆపరేటర్:
మా లాండ్రీలో చిన్న డీజిల్ బాయిలర్. మూడు రోజుల నుంచి మంట అంటుకున్నట్టే అంటుకొని ఆగిపోతోంది, ఎర్ర లైటు వెలిగి లాకౌట్ అవుతోంది, అంటే రీసెట్ బటన్ నొక్కితే గానీ బర్నర్ మళ్లీ మొదలవదు. సర్వీసు వాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి, ఎల్లుండి గానీ రారట. "నీకు సర్టిఫికెట్ ఉంది కదా, నువ్వే విప్పి క్లీన్ చెయ్" అంటున్నాడు ఓనర్. విప్పొచ్చా?

పెద్దపల్లి పాత ఆపరేటర్:
విప్పొచ్చు తమ్మీ, కానీ ఎంతవరకు అన్నదే అసలు సంగతి. నేను మొదట రైస్ మిల్లులో ఊక బాయిలర్ మీద చేసి తర్వాత డీజిల్ బర్నర్ల దిక్కు వచ్చినవాణ్ని. నువ్వు చెప్పినదానికి ముందుగా చూడాల్సింది ఫోటోసెల్. మంటను చూసే కన్ను అదే, దాని మీద మసి పట్టిందంటే మంట ఉన్నా లేదనుకొని కంట్రోల్ బాక్స్ డీజిల్ ఆపేస్తుంది. మెయిన్ ఆపి, డీజిల్ వాల్వ్ మూసి, అంతా చల్లారాక మెత్తటి పొడి గుడ్డతో తుడువు. ఫిల్టర్ కూడా చూడు. అక్కడితో ఆగు. నాజిల్‌లో పిన్ను పెట్టి పొడవకు, ఆ రంధ్రం గీరుకుపోతే డీజిల్ సన్నగా చిమ్మదు, మంట ఒక పక్కకు పోతుంది. పాడైతే అదే సైజుది కొత్తది వేయడమే.

కాజీపేట మెకానిక్:
అన్నా, అడ్డం చెప్తున్నానని ఏమనుకోకు. "ఫోటోసెల్ వరకే" అని మొదలుపెడతారు, అది కాకపోతే నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్లు, అదీ కాకపోతే నాజిల్. తర్వాత నేను పోయి చూస్తే ఎలక్ట్రోడ్లు చేత్తో వంచి ఉంటాయి, వాటి పింగాణీ పగిలి ఉంటుంది. రెండు రోజులు ఆగే ఓపిక లేక విప్పమన్న ఓనరే, ఏదన్నా అయితే "నిన్నెవరు విప్పమన్నారు" అంటాడు.

పెద్దపల్లి పాత ఆపరేటర్:
ఓనర్ల సంగతి నిజమే. కానీ ఏమీ ముట్టుకోవద్దంటే ఆపరేటర్ ఊరికే కూర్చోడు తమ్మీ, రీసెట్ నొక్కుతాడు. నేనే నొక్కాను. చలికాలం, పొద్దున్నే ఆవిరి కావాలని పైనుంచి ఒకటే టెన్షన్, వరుసగా ఐదుసార్లు నొక్కాను. నొక్కినప్పుడల్లా కొంత డీజిల్ కాలకుండా లోపలే మిగిలింది. ఆరోసారి అంటుకునేసరికి ముందు తలుపు విసురుగా తెరుచుకుంది. నా కనుబొమ్మలు, చేతి మీద చర్మం కాలాయి. ఆ తలుపు ముందర రోజూ నిలబడే పిల్లగాడు అప్పుడే చాయ్‌కి పోయాడు.

హన్మకొండ ఆపరేటర్:
అన్నా, ఎన్నిసార్లు నొక్కొచ్చు మరి? ఇవాళ నేను మూడుసార్లు నొక్కాను.

కాజీపేట మెకానిక్:
ఇక నొక్కకు. ఒక్కసారి, అంతే, మళ్లీ లాకౌట్ అయితే ఆపెయ్యాలి. చల్లారాక తలుపు తీసి లోపల డీజిల్ తడి ఉందేమో చూడు. ఉంటే, అదంతా తుడిచి, గాలి ఆడించి, ఎందుకు అంటుకోలేదో తెలిసేదాకా స్టార్ట్ చేయకూడదు. గ్యాస్ బర్నర్ ఉన్నవాళ్లకూ చెప్తున్నా, ఎల్పీజీ గాలికంటే బరువు, అడుగునే నిలిచిపోతుంది. ఫోటోసెల్ తుడిచే వరకైతే అన్న మాటకు ఒప్పుకుంటా, గాలిని పెంచి తగ్గించే డ్యాంపర్, డీజిల్ పంపు ప్రెషర్ మాత్రం మీటర్ లేకుండా ఎవరూ తిప్పొద్దు. కొందరు ఫోటోసెల్‌కు టార్చి వెలుతురు చూపించి నడపాలని చూస్తారు. మంట లేకపోయినా డీజిల్ పోతూనే ఉంటుంది, దయచేసి ఆ పని చేయకండి.

హన్మకొండ ఆపరేటర్:
ఫ్యూజు తీసి జేబులో పెట్టుకున్నా. తలుపు తీస్తే అడుగున మడుగు కట్టి ఉంది, ఓనర్‌కు ఫోటో పంపాను. ఎల్లుండి దాకా దుప్పట్లు బయట ఉతికిస్తానన్నాడు.