క్రిస్టల్ రివర్‌లో మనాటీల పక్కన ఈత: ఉంచాలా, ఆపాలా?

టాంపా వాసి:
ఫ్లోరిడాలో మనాటీల (గడ్డి మేసే పెద్ద నీటి జంతువులు) పక్కన ఈదే యాత్రలకు చట్టం ఒప్పుకునేది క్రిస్టల్ రివర్ ఊరున్న సిట్రస్ కౌంటీలోనే. పోయిన జనవరిలో పిల్లలతో వెళ్లాను. అక్కడి కింగ్స్ బే అనే ఊటల మడుగులో జంతువులకన్నా మనుషులే ఎక్కువ. నీళ్లు 20 డిగ్రీల కిందికి పోతే అవి ఎక్కువకాలం తట్టుకోలేవు. ఊటనీరు ఏడాదంతా 22 డిగ్రీలు కనుక వస్తాయి. చలికి తలదాచుకున్న జంతువు మీదికి మందగా దిగడం ఏం మర్యాద? ఆపేయాలి.

నీలికొలను:
ముట్టుకోవద్దు, తరమవద్దు, నిద్ర లేపవద్దు అని ముందే వీడియో చూపిస్తారు. చలికాలంలో కొన్నిచోట్ల తాళ్లు కట్టి మనుషులను రానివ్వరు. నేను ఆరుసార్లు దిగాను, ఒక్కసారీ ముట్టుకోలేదు.

టాంపా వాసి:
ఒక్కసారీ?

నీలికొలను:
ఒక్కసారీ. అదే దగ్గరికి వస్తే కదలకుండా తేలతాను.

పెసరట్టు:
టికెట్ ఎంతండీ? పిల్లలకు తగ్గింపు ఉందా?

టాంపా వాసి:
మా తొమ్మిదేళ్లవాడు దూడను చూసి చెయ్యి చాపితే గైడు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆ గైడే కాసేపటికి ఫొటో కోసం మమ్మల్ని నిద్రపోతున్న తల్లి పక్కకు తీసుకెళ్లాడు. ఇదా మీరు చెప్పే వీడియో?

నీలికొలను:
అయితే మీ కోపం గైడు మీద. ఈత మీద కాదు.

కాలువగట్టు:
2021లో ఫ్లోరిడాలో సుమారు 1,100 మనాటీలు చనిపోయాయి. తూర్పు తీరాన ఇండియన్ రివర్ లాగూన్‌లో మురుగు, ఎరువులు చేరి నాచు కమ్మేస్తే అవి తినే గడ్డి పోయింది, చాలా మనాటీలు ఆకలితో పోయాయి. చివరికి ఒక విద్యుత్ కేంద్రం దగ్గర లెట్యూస్ ఆకులు వేసి మేపారు. ఇక పడవల సంగతి: ప్రొపెల్లర్ గాట్ల మచ్చలను బట్టే శాస్త్రవేత్తలు ఏ మనాటీ ఏదో గుర్తుపడతారు. మీరేమో ఒక పిల్లవాడి చెయ్యి దగ్గరే ఆగిపోయారు.

టాంపా వాసి:
వేరేచోట ఆకలి ఉంటే ఇక్కడ నిద్ర చెడగొట్టవచ్చా? నీలికొలను గారూ, ఆ ఊళ్లో మీకు అద్దె గదులు ఉన్నాయని పాత చర్చలో మీరే రాశారు. ఇప్పుడు చెప్పరేం?

నీలికొలను:
ఉన్నాయి. సిగ్గేమీ లేదు. ఇక్కడి త్రీ సిస్టర్స్ ఊటల చుట్టూ ఉన్న భూమిలో ఇళ్లు లేవాల్సింది. 2010లో ప్రజాధనంతో కొని ఆపారు. కింగ్స్ బేలో నాచు తోడి మళ్లీ గడ్డి నాటుతున్నారు. మనాటీని చూడటానికి ఎవరూ రాని ఊరైతే ఇదంతా ఎవరికి పట్టేది?

టాంపా వాసి:
అంటే మనకు సంపాదించి పెడితేనే దాన్ని బతకనిస్తామా? నా గొడవ మొదటినుంచీ ఇదే, చెప్పడం చేతకాక గైడు మీద పడ్డాను.

నీలికొలను:
బతకనివ్వడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. ఇంకోటి ఉంటే చూపించండి, గదులకు తాళం వేస్తాను.

టాంపా వాసి:
నా దగ్గరా లేదు. మావాడు మాత్రం మళ్లీ వెళ్దామంటున్నాడు. ఈసారి నీళ్లలో దించను, త్రీ సిస్టర్స్ చెక్కబాట మీది నుంచే చూపిస్తాను.

నీలికొలను:
చెక్కబాటకూ టికెట్టేనండీ.

పెసరట్టు:
నేనడిగింది అదే కదా!