కోలాటంలో అడుగులు కలిసేది చూపు వల్లనా, చప్పుడు వల్లనా?

మా ఊరి కోలాట బృందంలో, తాళం వేసే గురువుగారు సైగ చేయకముందే అందరి అడుగులూ ఒక్కసారిగా జోరందుకోవడం నేను పలుమార్లు గమనించాను. పక్కపక్కనే ఊగుడు కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు, ఒకరి కదలిక మరొకరికి కనిపిస్తే, ప్రయత్నించకుండానే ఒకే లయలోకి వస్తారని 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన చూపింది. అయితే కోలాటంలో కదలికతో పాటు కోలల చప్పుడు, పాట కూడా ఉంటాయి. ఒకరికొకరు వీపు చూపే చుట్టులోనూ లయ తప్పదు కాబట్టి చప్పుడే ముఖ్యమని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈ రెండింటి ప్రభావాన్ని విడదీసి చూడాలంటే, పాట ఆపి, కోలలకు గుడ్డ చుట్టి ఆడించి, ఫోన్‌లో వీడియో తీసి పోల్చితే సరిపోతుందా? కోలలు తాకే క్షణాల మధ్య వ్యవధిని వీడియోలో కొలిచే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించండి.