ఫారం 26 టైపు చేసినవాడి సందేహం: డబ్బు లేనివాడు ఎమ్మెల్యేకి నిలబడితే ఏమవుతుంది?

నాగావళి జిరాక్స్ (ప్రశ్న):

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక నియోజకవర్గ కేంద్రం. పేరు చెప్పను, చెబితే మా వీధిలో అందరూ గుర్తుపట్టేస్తారు. రిటర్నింగ్ ఆఫీసు ఎదురు వరసలో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. హాల్ టికెట్లు, అడంగల్ కాపీలు, పెళ్లి కార్డుల ప్రూఫులు, ఇదే మన సామ్రాజ్యం. ఎన్నికలొస్తే మాత్రం వారం రోజులు అన్నం తినడానికి కూడా ఖాళీ ఉండదు.

2024లో ఏప్రిల్ 18 నుంచి 25 దాకా నామినేషన్లు తీసుకున్నారు. ఆ మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం ఆటో పక్కన పెట్టి ఒకాయన వచ్చాడు. నాకు వరసకి బావ. ఇండిపెండెంటుగా వేస్తాను, కాగితాలు చేసిపెట్టు అన్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఫారం 26 ఎప్పుడూ చూడనివాళ్లకి చెబుతాను. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, భార్యాపిల్లల ఆస్తులు, అయిదేళ్ల ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం అది. ఏ గడీ ఖాళీగా వదలకూడదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏమీ లేకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాల్సిందే. షేర్లు: లేదు. బాండ్లు: లేదు. వాణిజ్య భవనాలు: లేదు. కాసేపటికి చెయ్యి నొప్పెట్టి కాపీ పేస్ట్ మొదలెట్టాను. ఆటో ఉంది, దాని మీద ఫైనాన్సు ఉంది. ఆయన భార్య, అంటే మా చెల్లి, పేరు మీద మూడు తులాల బంగారం ఉంది, అందులో రెండు తులాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. "బ్యాంకులో ఉన్న బంగారం ఆస్తిలో రాయాలా, అప్పులో రాయాలా?" అన్నాడు బావ. రెండుచోట్లా రాశాం.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంటుకి పదిమంది కావాలి. ఆ పదిమందిని పోగేయడానికి స్టాండు మొత్తం తిరిగాడు. డిపాజిట్ 10 వేలు అప్పు తెచ్చాడు.

ఆ రాత్రి నిద్రపట్టక ఎన్నికల సంఘం సైటులో పెద్దవాళ్ల అఫిడవిట్లు తెరిచాను. ఎవరివైనా చూడొచ్చు కదా. గుంటూరు లోక్‌సభకి పోటీ చేసిన పెమ్మసాని చంద్రశేఖర్ గారి కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైన. ఆయన గెలిచి కేంద్ర సహాయమంత్రి కూడా అయ్యారు. చంద్రబాబు గారి కుటుంబానిది 931 కోట్లు, జగన్ గారిది సొంతానికే 500 కోట్లు దాటింది. ఏ పార్టీ అన్న గొడవ నాకు వద్దు, ఎవరిదీ దొంగసొమ్మని కూడా అనడం లేదు. పెమ్మసాని గారు అమెరికాలో కంపెనీ పెట్టి సంపాదించుకున్నారు, కాగితం మీద పెట్టారు. నేను ఎక్సెల్‌లో ఒక లెక్క మాత్రం వేశాను. ఉపాధి హామీ కూలి అప్పుడు రోజుకి 300. ఏడాదికి వంద రోజుల పని దొరికిందనుకుంటే, 5,700 కోట్లు సంపాదించడానికి మా బావకి 19 లక్షల ఏళ్లు పడుతుంది. తిండి తినకుండా.

అసలు తమాషా ఖర్చుల దగ్గర చూశాను. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. బావ పెట్టింది 38 వేలు. అయినా విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, రిజిస్టరు రాయాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. టీకి ఇంత, కుర్చీకి ఇంత, ఫ్లెక్సీకి ఇంత అని అధికారుల రేట్ల పట్టీ ఉంటుంది. ఒక పేజీలో టీల కూడిక తప్పిందని బావని రెండుసార్లు తిప్పారు. అదే రోజు మా సెంటర్లో ఒక పెద్ద సభ జరిగింది. హెలికాప్టర్ దిగింది, దుమ్ముకి నా షాపు షట్టర్ దించుకోవాల్సి వచ్చింది.

బావకి 412 ఓట్లు వచ్చాయి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, పోయింది.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ 40 లక్షల హద్దు ఎవరి కోసం పెట్టినట్టు? ఇంకోటి, మా అమ్మ సహా ఊరంతా "ఉన్నోడైతే తినడురా" అంటారు. నిజమేనా?

కొత్తవలస కుర్రాడు:

అన్నా, కోప్పడకు గానీ, మీ అమ్మగారి మాటే కరెక్టు. లేనోడిని గెలిపిస్తే ముందు తన ఇల్లు లేపుకుంటాడు, తర్వాత బామ్మర్దికి కాంట్రాక్టు ఇప్పిస్తాడు. అదంతా అయ్యేసరికి అయిదేళ్లు అయిపోతాయి. ఉన్నవాడికి ఆ కక్కుర్తి ఉండదు. పైగా నలుగురికి ఉద్యోగాలిచ్చినవాడికి ఆఫీసరుతో ఎలా మాట్లాడాలో తెలుసు. మీ బావ మంచోడే అయ్యుండొచ్చు, కలెక్టరు ముందు కూర్చుని మాట్లాడగలడా?

నాగావళి జిరాక్స్:

తమ్ముడూ, కలెక్టరు ముందు నిలబడే మాట్లాడాడు, కుర్చీ వెయ్యలేదు. అది వేరే సంగతి.

విజయనగరం పద్దులు:

నేను విజయనగరంలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. 40 లక్షల సంగతి నాకు తెలిసినంత చెబుతాను.

ఆ హద్దు అభ్యర్థికి మాత్రమే. పార్టీకి హద్దు లేదు. స్టార్ క్యాంపెయినర్, అంటే పార్టీ ముందే పేరిచ్చిన పెద్ద ప్రచారకుడి ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌లోనే ఉంది. మీ షట్టర్ దింపించిన హెలికాప్టర్ ఏ అభ్యర్థి రిజిస్టర్లోనూ కనిపించకపోవచ్చు, అదేమీ నేరం కాదు. టీకి లెక్క ఉంది, హెలికాప్టర్‌కి మినహాయింపు ఉంది.

మరి పార్టీకి డబ్బు ఎక్కడిది? ఒకప్పుడు కంపెనీ ఇచ్చే చందా గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం దాటకూడదు. 2017 ఫైనాన్స్ చట్టంతో ఆ హద్దు తీసేశారు. అప్పట్నుంచి నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగేది. నాకు ఇది చూసినప్పుడల్లా నవ్వొచ్చేది. మా ఆఫీసులో నష్టం చూపించే క్లయింటు మా ఫీజు ఇవ్వడానికే ఆరునెలలు తిప్పుతాడు, అలాంటివాడు పార్టీకి కోట్లు ఇస్తే ఏమనుకోవాలి? 2018లో ఎలక్టోరల్ బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చేవాళ్లు, ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఈ బాండ్లనీ, కంపెనీల చందా హద్దు తీసేసిన మార్పునీ రెండింటినీ కొట్టేసింది. మార్చిలో బాండ్లు కొన్నవాళ్ల పేర్లు బయటికొచ్చాయి. అందరికంటే ఎక్కువ కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్‌దే, మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. ఇచ్చినందుకు ఏం దక్కిందని నేను చెప్పలేను, అది కాగితం మీద ఉండదు. కానీ 966 కోట్లు ఇచ్చినవాళ్లు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తరు?

కొత్తవలస తమ్ముడి మాటకి ఒకటి. ఉన్నవాడు లంచం తినకపోవచ్చు, ఒప్పుకుంటాను. అతనికి ఆ అవసరం లేదు, పన్ను మారితే చాలు. మనకి 1953 నుంచి వారసత్వ ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ ఉండేది, 1985లో ఎత్తేశారు. 1957 నాటి సంపద పన్నుని 2015లో ఎత్తేశారు. ఏడాదికి వెయ్యి కోట్ల ముచ్చటకి వసూలు చేసే తిప్పలే ఎక్కువ అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఆ పన్ను రాసిన తీరే చిల్లులతో ఉండేది. చిల్లు కనబడితే మాటు వేస్తాం కదా, కుండ పగలగొట్టారు. 2019లో కంపెనీల పన్ను 22 శాతానికి దించారు. మీ బావ ఆటోలో పోయించే పెట్రోలు మీద పన్ను మాత్రం అందరికీ ఒకటే. ఫ్రెంచి ఆర్థికవేత్త పికెటీ బృందం 2024లో వేసిన లెక్క ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉంది. వీటిల్లో ఎక్కడా ఎవరూ ఎవరికీ లంచం ఇచ్చినట్టు కనబడదు.

కాశీబుగ్గ గ్రేడింగ్:

నేను జీడిపప్పు గ్రేడింగ్‌కి వెళ్తాను. చదువు ఎనిమిది. ఇక్కడ పెద్ద పెద్ద లెక్కలు రాస్తున్నారు, నేను చిన్న మాట చెబుతాను, తప్పయితే క్షమించండి.

మాకు ఓటుకి డబ్బిచ్చారు. తీసుకున్నాం. రెండు పార్టీలవీ తీసుకున్నాం. ఆ డబ్బుతో అబ్బాయికి స్కూలు బూట్లు కొన్నాను. తర్వాత టీవీలో ఒకాయన, జనమే అమ్ముడుపోతే నాయకులేం చేస్తారు అన్నాడు. ఆయన వేసుకున్న చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఆ చొక్కా ఖరీదులో సగం కూడా లేదు నేను అమ్ముడుపోయిన ధర.

2023లో 80 కిలోల జీడి పిక్కల బస్తాకి 16 వేలు ఇప్పించమని మా రైతులు ధర్నాలు చేశారు. ఎండలో టెంటు కింద కూర్చున్నారు. మా అన్నయ్యా కూర్చున్నాడు. ధర ఎక్కడ తేలుతుందో మాకు తెలియదు. ఆఫ్రికా పిక్క ఓడలో దిగితే ఇక్కడ మా పిక్క ధర పడిపోతుంది, అంతవరకే తెలుసు. ఓట్లప్పుడు మాత్రం నాయకుడు మా వీధికి వస్తాడు, నా చెయ్యి పట్టుకుంటాడు. జీడి రసానికి నల్లబడిన చెయ్యి, పట్టుకున్నాక ఆయన జేబురుమాలు తీశాడు. చూశాను.

అన్నయ్యా, మీ బావ మా దగ్గర నిలబడి ఉంటే డబ్బు తీసుకున్నా మీ బావకే వేసేదాన్నని చెప్పాలనుంది. నిజం చెప్పాలంటే, ఏమో.

కొత్తవలస కుర్రాడు:

అక్కా, నేనన్నది మిమ్మల్ని కాదు. కానీ ఫ్యాక్టరీలే వద్దంటే మన జిల్లాల నుంచి ఇంకెన్నాళ్లు చెన్నైకీ, హైదరాబాద్‌కీ, చేపల పనికి గుజరాత్‌కీ పోతాం? డబ్బున్నవాడు వచ్చి పెడితేనే కదా.

బారువ మాస్టారు:

నాయనా కొత్తవలస, ఫ్యాక్టరీ వద్దని ఎవరూ అనలేదు. నేను ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను, మా పిల్లల్లో సగంమంది వలసపోయారు. నీ బాధ నాకు తెలుసు.

సోంపేట బీల పేరు వినే ఉంటావు. వాన నీరు నిలిచే చిత్తడి. చేపలు అందులోనే, గొడ్లకి మేత అందులోనే, చుట్టూ పొలాలకి తడీ అదే. థర్మల్ కేంద్రం వస్తుందని తెలిసి, రికార్డుల్లో ఏముందా అని చూస్తే, అది పనికిరాని భూమి! కొన్నివేల మంది తింటున్న కంచాన్ని ఖాళీ కంచం అని రాశారన్నమాట. జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఒక్కరోజు ఆగి ఉంటే సరిపోయేది అని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాతి ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అక్కడా చిత్తడే, అక్కడా థర్మలే.

అంతకుముందు 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల తగాదా వచ్చింది. గుడారి రాజమణిపురంలో పోలీసు తుపాకీకి గున్నమ్మ అడ్డంపడి ప్రాణం పోగొట్టుకుంది. ఆ జమీందారు ఓట్లకి నిలబడినవాడు కాదు, ఫారాలు నింపినవాడూ కాదు. పోలీసులు ఎటువైపు నిలబడ్డారో చూడు, చాలు. 1948 చట్టంతో జమీందారీ ఎస్టేట్లు పోయాయి. అలవాటు పోయిందా అంటే ఆలోచించాలి.

అందుకని జిరాక్స్ అబ్బాయీ, అభ్యర్థికి ఎంత ఉందన్నది నాకు పెద్ద పట్టింపు కాదు. ఉన్నవాళ్లలోనూ మంచివాళ్లని చూశాను. మీ ఫారంలో ఆస్తుల గడి ఉంది, అప్పుల గడి ఉంది. మొహమాటాల గడి లేదు. ఎవరి కారులో తిరిగాడో, ఎవరింట్లో భోంచేశాడో, ఎవరి మాట కాదనలేడో రాసే చోటు ఎక్కడుంది? బీలని పనికిరానిదని రాసిన కలం ఆ గడిలోంచే కదులుతుంది.

విజయనగరం పద్దులు:

మాస్టారూ, నమస్కారం. 20 వేలు దాటి చందా ఇచ్చినవాళ్ల పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి, సైటులో పెడతారు. మొహమాటాల గడికి ఇప్పటికి అదొక్కటే దగ్గర. జిరాక్స్ గారూ, ఈసారి నిద్రపట్టకపోతే అఫిడవిట్లతో పాటు అవీ తెరవండి. 20 వేలకి తక్కువ ముక్కలు చేసి ఇస్తే ఎవరికీ కనబడదనుకోండి, అదొక చిల్లు.

నాగావళి జిరాక్స్:

మాస్టారి మాట, కాశీబుగ్గ చెల్లెమ్మ మాట ప్రింటు తీసి ఉంచాను. నిన్న బావ ఆటో ఇన్సూరెన్సు కాగితం జిరాక్సుకి వస్తే చదివి వినిపించాను. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉందట.

అంతా విని, "నాకైతే మొహమాటాలేం లేవు గదా, మరి ఓటెయ్యరేటి?" అన్నాడు.

412 మంది వేశారు కదా బావా అన్నాను.

"వాళ్లెవరో తెలిస్తే ఒక్కొక్కరికీ టీ తాగిద్దును. ఇప్పుడు రిజిస్టరు రాయక్కర్లేదు గదా" అన్నాడు. జిరాక్సు డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాను, అయినా రెండు రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.