సమస్య: ఎండ మండు కొలది నిచ్చు చలువ

ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది; మిగతా మూడూ మీరు రాయాలి. ఇందులో ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి, 'ఎ'కి 'ఇ' (కొలదిన్ + ఇచ్చు). వేసవి చివర పల్లెల్లో చేతిపని సరుకు అమ్ముకునేవారి బతుకు మీద పూరించాలి. దేవుళ్ళ జోలికి వెళ్ళొద్దని మనవి.

మొదటి పూరణ

మట్టి కుండ గోడ మఱుగు రంధ్రాలలో
నీరు చెమ్మగిల్లి నింగి కెగయు
వేడి గాలి తగుల వేగమే హెచ్చగా
ఎండ మండు కొలది నిచ్చు చలువ

సమీక్ష: విషయం సరిగ్గా పట్టారు. ఆవిరయ్యే నీరు కుండలోని వేడిని తీసుకుపోతుంది. పొడి వడగాలికి ఆ పని జోరుగా సాగుతుంది. వాన పడి గాలి చెమ్మగా మారిందా, అదే కుండలో నీళ్ళు అంతగా చల్లబడవు. గణాలు, యతులు బాగున్నాయి. కానీ 'ఇచ్చు'కు కర్త ఎవరు? నీరా, కుండా? పైగా అమ్మేవాడు పద్యంలో ఎక్కడా లేడు.

రెండో పూరణ

మబ్బు పట్టెనేని మా కుండ నడుగరు
వీధి వంక చూచి వేసరుదుము
ఇల్లు గడుచు రోజు లీ నాలుగే గదా
ఎండ మండు కొలది నిచ్చు చలువ

సమీక్ష: ఇక్కడ చలువ ఒంటికి కాదు, గల్లాపెట్టెకి! లోకమంతా ఎప్పుడు చినుకు పడుతుందా అని చూస్తుంటే, ఒక్క ఇల్లు మాత్రం ఇంకో వారం ఎండ కాయాలని కోరుకుంటుంది. 'వేసరుదుము' అన్న మాటలో ఆ టెన్షన్ ఉంది. 'రోజు లీ' (రోజులు + ఈ) దగ్గర యతి సంధిలో చక్కగా ఒదిగింది.

మూడో పూరణ

వెదురు విసనకఱ్ఱ వీపున మోయుచు
వాడ వాడ తిరిగి వాడిపోయె
తనకు విసురుకొనగ తీరిక లేదాయె
ఎండ మండు కొలది నిచ్చు చలువ

సమీక్ష: రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. 'త'కి 'తీ' చెల్లదు, అచ్చు మైత్రి లేదు. "తనకు విసురుకొనగ తరి యైన దొరకదు" అంటే సరిపోతుంది. భావం కూడా ఇంకాస్త బిగుస్తుంది.

నాలుగో పూరణ

నేత బట్ట తడిపి నేలపై పఱచిన
మడ్డి రంగు విడిచి మల్లె యగును
సంత నాటి కెల్ల సరుకు సిద్ధమ్మగు
ఎండ మండు కొలది నిచ్చు చలువ

సమీక్ష: అమ్మో! 'చలువ బట్టలు' అంటాం కదా, ఆ చలువ ఇది. ఉతికి తెల్లబరచడం అన్న అర్థం తీసుకోగానే సమస్యలోని విరోధం ఎగిరిపోయింది. సమస్య ఇచ్చిన నాకే ఇది తట్టలేదు. ఈ నాలుగింటిలో ఎండే నేరుగా కర్తగా నిలిచింది ఇక్కడే. 'సిద్ధమ్మగు' కాస్త బరువు, అయినా దాటేద్దాం.

మొదటి పూరణకు సవరణ

(ఆ కవి మాట) కర్త ఎవరన్నారుగా, మూడో పాదం మార్చాను:

కుమ్మరన్న కడవ కూర్మితో మనకిట
ఎండ మండు కొలది నిచ్చు చలువ

సమీక్ష: కర్త కుదిరింది. గాలి పోయింది గానీ కుమ్మరి వచ్చాడు. నాకిదే నచ్చింది.